కారుకు సొరచేప చర్మమా, గోల్ఫ్ బంతి గుంతలా? హన్మకొండ–ఉప్పల్ రోడ్డు లెక్కలో ఏది నిలుస్తుంది

సొరచేప చర్మం లాంటి ఫిల్మ్, గోల్ఫ్ బంతి లాంటి గుంతలు, పైకప్పు చివర అంటించే చిన్న రెక్కలు, నీటి చుక్క నిలవని కోటింగ్. గాలి నిరోధం తగ్గి మైలేజీ పెరుగుతుందన్న మాట వీటన్నిటి గురించీ వినబడుతోంది. కొన్నింటి వెనక గట్టి సైన్సే ఉంది. కాకపోతే ఆ ఫలితాలు వచ్చింది విమానాల మీద, పడవల మీద, నీటి తొట్లలో. మన బండి మీదికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో లెక్కేసి చూడాల్సిందే.

మా సలహా ముందే చెప్తున్నాం. కారు యజమాని పై పొర మీద డబ్బు పెట్టొద్దు, గాలి చిక్కుకుపోయే చోట్ల పెట్టాలి. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు మాత్రం ఈ పై పొర చక్కటి ప్రాజెక్టు అవుతుంది. పద్ధతి తప్పితే అబద్ధపు ఫలితం ఇచ్చేదీ ఇదే కాబట్టి ఆ సంగతి చివర్లో విడిగా రాశాం.

బండిని ఆపేది ఏది, ఎంత

ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుందాం. డ్రాగ్ గుణకం (ఆకారం గాలికి ఎంత అడ్డమో చెప్పే అంకె) 0.32, ఎదురు నుంచి చూస్తే కనిపించే వైశాల్యం 2.1 చదరపు మీటర్లు, ఇద్దరు కూర్చున్నాక బరువు 1,100 కిలోలు. మన ఎండల్లో ఘనపు మీటరు గాలి సుమారు 1.1 కిలోలు తూగుతుంది. ఈ అంకెలతో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర గాలి నిరోధం 46 న్యూటన్లు, 80 దగ్గర 182, 100 దగ్గర 285. టైర్ల దొర్లుడు నిరోధం ఏ వేగంలోనైనా 120 న్యూటన్ల చుట్టూనే ఉంటుంది.

కాబట్టి కాజీపేట చౌరస్తా, హన్మకొండ బస్టాండు మధ్య తిరిగే బండికి ఈ చర్చే అక్కర్లేదు. అక్కడ పెట్రోలు తాగేవి బ్రేకులు, సిగ్నళ్లు, టైర్లు. జనగామ మీదుగా హైదరాబాద్ పోయే బండికి, రాజీవ్ రహదారి మీద కరీంనగర్ నుంచి రోజూ తిరిగే బండికి మాత్రం 80 దగ్గర మొత్తం నిరోధంలో 60 శాతం గాలిదే. ఇక్కడి నుంచి చెప్పేదంతా అలాంటి బండ్ల గురించే.

ఆ 60 శాతం గాలి నిరోధం కూడా ఒకే రకం కాదు. బండి వెనక గాలి విడిపోయి ఏర్పడే తక్కువ పీడనపు సుడి పెద్ద వాటా తీసుకుంటుంది. చక్రాలు, వాటి గూళ్లు కలిపి దాదాపు పావు వంతు. బండి అడుగు భాగం, అద్దాలు, రేడియేటర్లోకి దూరే గాలి మరికొంత. రేకు మీద గాలి రాసుకోవడం వల్ల వచ్చే ఉపరితల ఘర్షణ పదో వంతు దగ్గర ఆగిపోతుంది. విమానంలో ఇదే ఘర్షణ మొత్తం నిరోధంలో సగం దాకా ఉంటుంది. సొరచేప ఫిల్మ్ విమానానికి గిట్టుబాటై కారుకు కాకపోవడానికి మూలం ఈ తేడా.

సొరచేప చర్మపు ఫిల్మ్

సొరచేప ఒంటి మీద పళ్లలాంటి సన్నటి పొలుసులుంటాయి. ఒక్కో పొలుసు మీద తల నుంచి తోక వైపు గట్లు, గాడులు సాగుతాయి, పత్తి చేనులో సాళ్లలాగా. ఈ గాడులనే రిబ్లెట్లు అంటారు. గోడను, అంటే ఏ ఉపరితలాన్నైనా, ఆనుకుని పారే ప్రవాహంలో చిన్న చిన్న సుడులు అడ్డంగా కదులుతుంటాయి. గట్లు ఆ అడ్డు కదలికను ఆపుతాయి, సుడులు గాడిలోకి దిగలేక గట్ల కొనల మీదే తేలిపోతాయి. ప్రవాహం తాకే వైశాల్యం పెరిగినా ఘర్షణ తగ్గడానికి కారణం ఇదే.

అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రంలో 1970ల చివర మొదలైన ప్రయోగాల్లో వి ఆకారపు గాడులు ఉపరితల ఘర్షణను 8 శాతం దాకా తగ్గించాయి. బెర్లిన్‌లో బెకర్ట్ బృందం పలుచటి బ్లేడు గట్లతో దాదాపు 10 శాతం దాకా వెళ్లింది. ఈ రోజు లుఫ్తాన్సా టెక్నిక్, బీఏఎస్‌ఎఫ్ సంస్థలు కలిసి తయారుచేసిన ఏరోషార్క్ ఫిల్మ్ బోయింగ్ 777 విమానాలపై ఎగురుతోంది. దాని గట్లు సుమారు 50 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆదా సుమారు 1 శాతం ఇంధనం. ఏటా టన్నుల కొద్దీ తాగే విమానానికి ఆ ఒక్క శాతం చాలా పెద్దది.

ఇప్పుడు కారు. గాడి వెడల్పు గాలి వేగాన్ని బట్టి ఉండాలి. గోడ దగ్గరి సుడుల సైజును బట్టి తీసుకునే, వేగం పెరిగితే చిన్నదయ్యే కొలతలో 15 యూనిట్ల వెడల్పుకు లాభం ఎక్కువ, 30 దాటితే లాభం పోయి నష్టం మొదలవుతుంది. మన గాలికి, 80 కిలోమీటర్ల వేగానికి లెక్కేస్తే గాడి వెడల్పు 0.29 మిల్లీమీటర్లు, లోతు అందులో సగం రావాలి. 100 కిలోమీటర్లకు 0.23 చాలు. విమానాలకు చేసిన 50 మైక్రాన్ల ఫిల్మ్‌ను తెచ్చి కారుకు అంటిస్తే 80 దగ్గర అది రెండున్నర యూనిట్లే అవుతుంది, దాదాపు నున్నటి రేకు కిందే లెక్క. "ఏరోస్పేస్ గ్రేడ్" అన్న ముద్ర చూసి కొనకూడదనేది అందుకే. కార్బన్ ఫైబర్ నమూనా ఉన్న స్టిక్కర్లకు, "షార్క్ స్కిన్" అని పేరు పెట్టిన ఎంబాసింగ్ షీట్లకు ఈ కొలతలతో సంబంధం లేదు. వాటి గాట్లు ప్రవాహం దిశలో ఉండవు, గట్ల కొనలు పదునుగానూ ఉండవు.

కొలత సరిగ్గా కుదిరిన ఫిల్మే దొరికిందనుకుందాం. ఘర్షణ 7 శాతం తగ్గింది, బండి పై భాగంలో 60 శాతం మీద అంటించాం, ఘర్షణ వాటా పదో వంతు. మూడూ గుణిస్తే గాలి నిరోధంలో 0.42 శాతం. అందులో 60 శాతమే ఇంధనం మీద పడుతుంది కాబట్టి 0.25 శాతం. హన్మకొండ నుంచి ఉప్పల్ పోయి రావడం 280 నుంచి 300 కిలోమీటర్లు. లీటరుకు 18 చొప్పున 16.7 లీటర్లు. ఆదా అయ్యేది 42 మిల్లీలీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే నాలుగున్నర రూపాయలు. ఫిల్మ్‌కు, అంటించే కూలికి 50,000 పెడితే, వారానికోసారి పోయి వచ్చే బండికి ఆ డబ్బు తిరిగి రావడానికి రెండు వందల ఏళ్లు దాటుతుంది.

పైగా ఇది ఫిల్మ్ కొత్తగా, శుభ్రంగా, గాలి తిన్నగా ఉన్నప్పటి లెక్క. మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. గాడి లోతు 0.15 మిల్లీమీటర్లు. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల వెనక లేచే పొడి, రామగుండం చుట్టుపక్కల బూడిద, పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ దారిలో ఎగిరే దూది ఆ గాడిలో కూర్చుంటాయి. వాటి మీద మంచు పడి ఆరితే గట్టిపడతాయి. గుడ్డతో తుడిస్తే గట్ల కొనలు అరుగుతాయి, మైనం పాలిష్ పెడితే గాడులు పూడతాయి, దగ్గర నుంచి ప్రెషర్ వాష్ కొడితే అతుకుల దగ్గర ఫిల్మ్ లేస్తుంది. లేచిన అంచు గాలికి మెట్టులా అడ్డం పడి, గాడులు మిగిల్చిన కొంచాన్నీ తినేస్తుంది. బంపర్, అద్దాల గిన్నెల లాంటి రెండు వైపులా వంపున్న చోట్ల ఫిల్మ్‌ను సాగదీయాలి. సాగితే గాడి వెడల్పు మారుతుంది, దిశ కూడా తప్పుతుంది.

దిశ సంగతి చిన్నది కాదు. గాలి గాడికి 15 డిగ్రీలు అడ్డంగా వచ్చేసరికి లాభం తగ్గడం తెలుస్తుంది, 30 దగ్గర మిగలదు. 80 మీద పోతున్న బండికి పక్క నుంచి 20 కిలోమీటర్ల గాలి వీస్తే బండికి తగిలే గాలి 14 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. ముందు అద్దం పక్క స్తంభాల దగ్గరైతే గాలి లేకపోయినా ప్రవాహం చుట్టుకుని సుడి తిరుగుతూనే ఉంటుంది. అక్కడ ఏ దిశలో అంటించినా తప్పే.

ఈ పరిమితి కార్లకే కాదు. 2012లో హార్వర్డ్‌లో జార్జ్ లాడర్ బృందం సొరచేప పేరుతో అమ్మిన ఈత దుస్తుల బట్టను పరీక్షిస్తే లాభం కనిపించలేదు. అసలు సొరచేప చర్మాన్ని ఊగే పలకకు అంటిస్తే మాత్రం వేగం 12 శాతం పెరిగింది. ఒళ్లు వంచుతూ ఈదే ప్రాణికి పనికొచ్చిన చర్మం, వంగని రేకుకు అదే పని చేయాలని లేదు.

గోల్ఫ్ బంతి గుంతలు

2009లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమం కారు మొత్తానికి బంకమట్టి పూసి, గుంతలు తవ్వి, మైలేజీ 11 శాతం పెరిగిందని చూపించింది. ఈ వీడియో నేటికీ తిరుగుతోంది. ఒక్క కారు, చేత్తో పూసిన మట్టి, రోడ్డు మీద కొలత. దాని ఆధారంగా రేకుకు సొట్టలు వేయించుకోవడం తగదు.

బంతి మీద గుంతలు పనిచేసే కారణం స్పష్టమే. నున్నటి బంతి మీద గాలి పొర నెమ్మదిగా, పొరలు పొరలుగా పారి, సగం దాటకముందే విడిపోతుంది. గుంతలు ఆ పొరను అల్లకల్లోలం చేస్తాయి. అల్లకల్లోలమైన పొరకు శక్తి ఎక్కువ కాబట్టి బంతి వెనక్కు ఇంకా దూరం అంటిపెట్టుకుని పోతుంది, సుడి సన్నబడుతుంది, నిరోధం దాదాపు సగానికి పడుతుంది. ఇదంతా రేనాల్డ్స్ సంఖ్య (వస్తువు సైజు, వేగం, గాలి చిక్కదనం కలిపి ప్రవాహం తీరు చెప్పే అంకె) 2 లక్షల దగ్గర జరిగే పని. మన హ్యాచ్‌బ్యాక్‌కు 80 దగ్గర ఆ సంఖ్య 50 లక్షలు దాటుతుంది. పొర బానెట్ మీదే అల్లకల్లోలం అయిపోయి ఉంటుంది, కొత్తగా చేసేదేమీ లేదు. వెనక డిక్కీ తలుపు అంచు దగ్గర గాలి ఎలాగూ విడిపోవాల్సిందే, ఆ అంచును ఏ గుంతా జరపలేదు. కారుకు గుంతలు వద్దు. రేకు పాడవుతుంది, తుప్పు పడుతుంది, అమ్మేటప్పుడు ధర పోతుంది.

పైకప్పు రెక్కలు, కోటింగ్‌లు, పెట్టె చేప

పైకప్పు చివర వరసగా అంటించే త్రికోణపు ముక్కలను సొరచేప రెక్కలని అమ్ముతారు. వాటి అసలు పేరు వోర్టెక్స్ జనరేటర్లు. మిత్సుబిషి ఇంజనీర్లు లాన్సర్ ఎవల్యూషన్ మీద వీటిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తు 15 నుంచి 25 మిల్లీమీటర్లు, గాలి విడిపోయే గీతకు 100 మిల్లీమీటర్లు ముందు పెడితే డ్రాగ్ గుణకం 0.006 తగ్గింది. అది సెడాన్, వెనక అద్దం వాలుగా ఉంటుంది, గాలి ఆ వాలు మీద విడిపోతుంది కాబట్టి దాన్ని తిరిగి అంటించే వీలుంది. పైకప్పు అంచు దగ్గరే గాలి తెగిపోయే హ్యాచ్‌బ్యాక్‌కూ, ఎస్‌యూవీకీ వీటితో లాభం లేదు. సెడాన్‌కైనా స్థానం తప్పితే ఆ ముక్కల సొంత నిరోధమే మిగులుతుంది.

సిరామిక్ కోటింగ్, తామరాకు గుణం చూపే నీటి వికర్షక పూతలు బండిని శుభ్రంగా ఉంచుతాయి, రంగును కాపాడతాయి. గాలి విషయంలో వాటితో మార్పు లేదు. అందం కోసం వేయించుకుంటే వేయించుకోండి, మైలేజీ కోసం వద్దు.

జంతువుల నుంచి కార్లు అసలు నేర్చుకున్నది ఆకారం. 2005లో మెర్సిడెస్ బెంజ్ పెట్టె చేపను చూసి చేసిన బయోనిక్ కారుకు డ్రాగ్ గుణకం 0.19. తర్వాత 2015లో వచ్చిన పరిశోధన ఆ చేప గొప్ప ఈతగత్తె కాదనీ, దాని ఆకారం చటుక్కున మలుపు తిరగడానికి ఎక్కువ ఉపయోగమనీ తేల్చింది. కారు అంకె మాత్రం నిజమే, ఎందుకంటే వెనక భాగం సన్నబడుతూ పోయింది. జపాన్ బుల్లెట్ రైలు ముక్కుకు లకుముకిపిట్ట ముక్కు ఆదర్శమైంది. అక్కడా పనిచేసింది ఆకారమే. తర్వాతి కారు కొనేటప్పుడు ఆకారాన్ని ఎంచుకోవచ్చు. ఎత్తైన ఎస్‌యూవీ బదులు సెడాన్ తీసుకుంటే, పై ఫిల్మ్‌లన్నీ కలిపినా ఇవ్వలేనంత గాలి లాభం షోరూమ్‌లోనే వచ్చేస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

పెట్రోలు కోసమే అయితే మొదట పైకి చూడండి. రూఫ్ క్యారియర్ ఉంటే విప్పి ఇంట్లో పెట్టండి. పెద్ద రూఫ్ బాక్స్ హైవే వేగంలో మైలేజీని 6 నుంచి 17 శాతం తగ్గిస్తుందని అమెరికా ఇంధన శాఖ చెప్తుంది. అలాంటి పెట్టెకు ఆరు శాతమే పట్టుకున్నా ఉప్పల్ పోయి వచ్చేసరికి లీటరు పెట్రోలు, 110 రూపాయలు. సొరచేప ఫిల్మ్ ఇచ్చే నాలుగున్నరకు ఇది పాతిక రెట్లు, ఖర్చు సున్నా. రెండేళ్లకోసారి మేడారం పోయేటప్పుడు సామాను కట్టడానికి బిగించిన క్యారియర్ తర్వాతి జాతర దాకా బండి మీదే ఉండిపోవడం మన దగ్గర మామూలు. నాలుగు నట్లు విప్పితే సరిపోయే పని అది.

తర్వాత కిందికి వంగి చూడండి. ఇంజన్ కింద నల్లటి ప్లాస్టిక్ షీల్డ్ ఉంటుంది. ఎత్తైన స్పీడ్ బ్రేకర్లకు, ఊరి రోడ్ల గుంతలకు తగిలి దాని ముందు అంచు విరుగుతుంది. ఆయిల్ మార్చేటప్పుడు విప్పిన మెకానిక్ క్లిప్పులు దొరక్క రెండు వైర్ టైలతో కట్టి వదిలేస్తాడు. అలా వేలాడే షీల్డ్ ఎదురుగాలికి జోలెలా తెరుచుకుని, లేనిదానికంటే ఎక్కువ గాలి పడుతుంది. 80 దాటాక కింద నుంచి టపటప చప్పుడు వస్తే ఇదే. విరిగితే మార్పించండి. బాగానే ఉంటే అన్ని క్లిప్పులూ కొత్తవి పెట్టించండి, ముందు అంచువి తప్పనిసరిగా.

టైర్లలో గాలి డోర్ స్తంభం మీద రాసినంత ఉండాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే ఇంధనం 0.2 శాతం ఎక్కువవుతుంది. 33 ఉండాల్సిన చోట 27 ఉంటే 1.2 శాతం, ఒక ట్రిప్పుకు 20 రూపాయల పైమాట. పంక్చర్ షాపులో గేజీ తప్పు చూపిస్తుందన్న అనుమానం ఉంటే చిన్న డిజిటల్ గేజీ ఒకటి కొనుక్కోండి.

వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే మడ్ ఫ్లాప్‌లు, ముందు ఇనుప గార్డు గాలికి అడ్డమే. ఇనుప గార్డునైతే కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు తెలియజేసింది, జరిమానా కూడా పడుతుంది. రంగు మారేలా ఫిల్మ్ చుట్టిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి.

వేగం సంగతి అందరికీ తెలిసిందే అయినా అంకె చూడండి. 100 నుంచి 80కి దిగితే గాలి నిరోధం 285 నుంచి 182 న్యూటన్లకు పడుతుంది, మొత్తం నిరోధం పావు వంతు తగ్గుతుంది. 140 కిలోమీటర్లకు పోయేది కాగితం మీద 21 నిమిషాలు. కోమల్ల, గూడూరు టోల్‌గేట్లు, జనగామ, ఆలేరు దగ్గర ఎలాగూ ఆగాల్సిన సమయం తీసేస్తే ఇంకా తక్కువ.

మీరే కొలుచుకోవాలంటే

వాహనాలు లేని తిన్నటి, చదునైన రోడ్డు కిలోమీటరుకు పైగా కావాలి. రద్దీ రోడ్డు మీద చేయొద్దు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, 15 నిమిషాలు నడిపి టైర్లు వేడెక్కాక, 85కి తెచ్చి న్యూట్రల్‌లో వేయండి. ఇంజన్ ఆపొద్దు, ఆపితే బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగ్ పోతాయి. 80 నుంచి 60కి పడే సమయాన్ని పక్క సీట్లో వాళ్లు ఫోన్‌లో జీపీఎస్ వేగం చూస్తూ నమోదు చేయాలి. రెండు దిశల్లోనూ ఐదేసి సార్లు చేసి సగటు తీయండి.

మన లెక్క కారుకు ఆ సమయం 24 సెకన్లు. క్యారియర్ వల్ల గాలి నిరోధం 15 శాతం పెరిగితే దాదాపు రెండు సెకన్లు ముందే పడుతుంది, స్టాప్‌వాచీకి అందుతుంది. సొరచేప ఫిల్మ్ తేడా సెకనులో ఇరవయ్యో వంతు, అందదు. గంటకు 5 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అదే క్యారియరంత తేడా చూపిస్తుంది, కిలోమీటరుకు మీటరు వాలు 11 న్యూటన్లు కలుపుతుంది. రెండు దిశల్లో కొలవకుండా "ఫిల్మ్ వేశాక మైలేజీ రెండు పెరిగింది" అనే మాటలన్నీ ఈ గాలి, ఈ వాలు మాట్లాడినవే.

ప్రాజెక్టుగా తీసుకునేవాళ్లకు

కాలేజీ విండ్ టన్నెల్‌లో బొమ్మ కారుకు గుంతలు పెట్టి నిరోధం తగ్గిందని రిపోర్టు రాయడం తేలిక. అక్కడే మోసపోతారు. 300 మిల్లీమీటర్ల చదరపు టన్నెల్‌లో మోడల్ ఎదురు వైశాల్యం టన్నెల్ వైశాల్యంలో 5 శాతం దాటకూడదంటే 45 చదరపు సెంటీమీటర్లే చోటు. 1:18 మోడల్ 65 అవుతుంది, పనికిరాదు. 1:24 అయితే 36, సరిపోతుంది. కానీ సెకనుకు 20 మీటర్ల గాలిలో దాని రేనాల్డ్స్ సంఖ్య 2 లక్షలు, అంటే గోల్ఫ్ బంతిదే. గుంతలు అక్కడ పనిచేయవచ్చు, అసలు కారు మీద చేయవు. మోడల్ ముందు భాగంలో సన్నటి ఎమెరీ పేపరు పట్టీ అంటించి పొరను ముందే అల్లకల్లోలం చేశాకే గుంతలున్న దాన్నీ లేని దాన్నీ పోల్చాలి.

సొరచేప గాడులకు కారు మోడల్ వద్దు, చదునైన పలక తీసుకోండి. అర మీటరు పొడవు, 300 మిల్లీమీటర్ల వెడల్పు, ముందు అంచు గుండ్రంగా, దాని వెనక అదే ఎమెరీ పట్టీ. గాడి 0.3 మిల్లీమీటర్లు. మామూలు ఫిలమెంట్ ప్రింటర్ 0.4 నాజిల్‌తో ఇది రాదు, గట్ల కొనలు మొద్దుబారతాయి. రెజిన్ ప్రింటర్‌తో ముక్కలుగా తీయొచ్చు, లేదా అల్యూమినియం పలక మీద వి కట్టర్‌తో గాడులు తీయించొచ్చు. ఇంకో దారి బెర్లిన్ బృందానిది. వాళ్లు గాలి బదులు నూనె పారే కాలువ వాడారు. నూనె చిక్కన కాబట్టి గాడులు మిల్లీమీటర్లలో పెట్టుకోవచ్చు, తయారీ, కొలత రెండూ సులువవుతాయి.

గాలిలో ఆ పలక మీద మొత్తం ఘర్షణ 35 గ్రాముల బరువంత, మీరు పట్టుకోవాల్సిన తేడా 2 గ్రాములు. బలాన్ని కొలిచే లోడ్‌సెల్ 0.2 గ్రాముల దాకా నమ్మకంగా చూపాలి. టన్నెల్ నడిచేకొద్దీ గాలి వేడెక్కి సాంద్రత మారుతుంది, కాబట్టి ప్రతి కొలత పక్కన ఉష్ణోగ్రత రాయాలి. ముందు నున్నటి పలక, తర్వాత గాడుల పలక, చివర్లో మళ్లీ నున్నటి పలక. మొదటి అంకె, చివరి అంకె అర గ్రాములోపు కలవకపోతే మధ్యది రిపోర్టులో పెట్టకుండా, పలక బిగింపు సరిచేసి మొదటి నుంచి కొలవండి.